ఎర్రగట్టుపల్లె ఫేవరెట్లు

ఎర్రగట్టుపల్లెలో ఎవరైనా మీ ముందు ఒక గొర్రెను ముద్దుచేశారంటే, అది వాళ్లకు పెద్దగా అక్కర్లేని గొర్రె అని అర్థం. "నీ మొఖం మీద మన్నువడ, ఎటు సచ్చినవే" అని తిట్టారంటే మాత్రం దానికోసం వాళ్లు పస్తులైనా ఉంటారు. తిరుమలగిరిలో బస్సెక్కి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఒకసారి పశువుల డాక్టరొకాయన ఆ తిట్లు విని కళ్లనీళ్లు పెట్టుకుని, మూగజీవాలను ప్రేమించాలని ఊరివాళ్లను నిలబెట్టి పావుగంట చెప్పాడు. అందరూ తలలు వంచుకుని విన్నారు గానీ ఒక్కరూ అసలు సంగతి చెప్పలేదు.

అసలు సంగతి గట్టు జాతర. రెండేళ్లకోసారి ఊరందరి తరఫునా ఒక పొట్టేలును గట్టు దేవరకు బలి ఇవ్వాలి. ఏదో ఒకటి తోలుకుపోతే కుదరదు. అది ఎవరికో ఒకరికి ప్రాణమై ఉండాలి, ఆ మాట వాళ్లే నోటితో అని ఉండాలి. 'ఇది నా పాణం' అని ఎవరైనా ఒక్కసారి నోరుజారారా, కులపెద్ద పసుపుగిన్నె పట్టుకుని దొడ్డిముందు నిలబడతాడు. ఎప్పుడో ఎవరో గొప్ప భక్తుడు పెట్టిన నియమం అది. ఆయన మనవళ్ల మనవళ్ల దగ్గరికి వచ్చేసరికి భక్తి అలాగే ఉంది, నోళ్లు మాత్రం కుట్టేసినట్టు మూతపడ్డాయి. కల్లు తాగి ఒకడన్న మాటో, అత్తమీద కోపంతో కోడలు బయటపెట్టిన మాటో దొరికితే తప్ప ప్రతి జాతరకూ కులపెద్ద మారయ్యకు పొట్టేలు తేలేది కాదు.

సుక్కమ్మకు అరవై దాటాయి. ఆమె దొడ్లో ఎన్ని జీవాలున్నా కళ్లు తిరిగి తిరిగి ఒక్కదాని దగ్గరే ఆగేవి. అది ఒంటికొమ్మోడు. భర్త పర్వతాలు చనిపోయిన ఏడే ముసురులో తల్లి చచ్చి అది ఒంటరిదైంది. సుక్కమ్మ దాన్ని గొంగట్లో చుట్టుకుని, సీసాతో మేకపాలు పట్టి బతికించింది. ఒకనాడు ఆమె బయటికి పోతుంటే వెంటపడి, దొడ్డి తలుపుకు కొమ్ము కొట్టుకుని విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి ఆమె దాన్ని రోజూ నాలుగు పూటలా తిడుతూనే ఉంది. పాణం అనే మాట ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చిందో, అన్నిసార్లూ తమలపాకు ముద్దతో పాటు మింగేసింది.

ఈ ఏడు జాతరకు ఇంకా పదిహేను రోజులుందనగా ఊళ్లోకి ఒక ఇంగ్లీషు మాట వచ్చింది.

దాన్ని తెచ్చింది మనుమరాలు పూజ. అయిదో తరగతి. సుచరిత టీచరు ఆ మాటను బోర్డుమీద రాసి, ఊళ్లో అయిదుగురు పెద్దవాళ్లను అడిగి ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం రాసుకురమ్మంది. పూజ పని ఇంటినుంచే మొదలుపెట్టింది.

"అవ్వా, నీ ఫేవరెట్ ఏంది?"

సుక్కమ్మ గొర్రె తోకలో ఇరుక్కున్న పల్లేరుకాయలు తీస్తోంది. "ఏందే గది? తినేదా, కట్టుకునేదా?"

"ఏదన్న కావచ్చు. మనకు నచ్చినయి శానుంటయి గదా. వాట్లల్ల అన్నిటికన్న ఎక్కువ నచ్చింది ఫేవరెట్. నా ఫేవరెట్ కూర చింతచిగురు పప్పు. ఫేవరెట్ రంగు నీలం."

"మొన్న ఎర్రరంగు అంటివి గదనే."

"గది పోయిన నెల. ఫేవరెట్ మారొచ్చు అవ్వా, ఏం గాదు."

సుక్కమ్మకు ఆ మాట మీద గౌరవం పెరిగింది. "మనుషులను గూడ అంటరా?"

"అంటరు. సుచరిత టీచర్ నా ఫేవరెట్ టీచర్. కానీ టీచర్ ఒక్కర్నే మంచిగ చూసుకుంటే, అగో గామె టీచర్ ఫేవరెట్ అని పక్కపొల్లలు మూతులు తిప్పుతరు."

"అంటే చెప్పేటోళ్లకు తియ్యగ ఉంటది, పక్కోళ్లకు మండుతది."

"ఆ, గంతే."

సుక్కమ్మ అటూ ఇటూ చూసింది. మంద నీడకు చేరి నెమరేస్తోంది. ఒంటికొమ్మోడు ఆమె కొంగు నములుతోంది. దేవర గట్టుమీద వెలిసి ఎన్ని వందల ఏళ్లయిందో గానీ ఇంగ్లీషు బడికి పోయిన దాఖలా లేదు. మూడు తరాలుగా ఊరంతా వెతుకుతున్న సందు ఇన్నాళ్లకు దొరికిందని ఆమెకు అనిపించింది.

"అయితే రాస్కో. ఒంటికొమ్మోడు నా ఫేవరెట్," అంది. అని చూసుకుంది. ఏమీ కాలేదు. గుండెల మీదినుంచి తిరగలి రాయి దించినట్టుంది. ఆ సంతోషంలో ఇంకో రెండుసార్లు అంది.

పూజ చదువులో చురుకు, బొమ్మల్లో ఇంకా చురుకు. అవ్వ చెప్పిన వాక్యం పెద్ద చార్టుమీద రాసి, పైన ఒంటికొమ్ము పొట్టేలు బొమ్మ గీసింది. టీచరు మురిసిపోయి దాన్ని వరండా గోడకు అంటించింది.

రెండు రోజులకు మధ్యాహ్న భోజనం సంగతి మాట్లాడటానికి మారయ్య బడికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు గానీ గొర్రెలు వచ్చు. ఒంటికొమ్ము పొట్టేలు ఊరంతటికీ ఒక్కటే. బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. గోడమీద ఇంకా ఏమైనా పొట్టేళ్ల బొమ్మలున్నాయేమోనని ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికాడు. లేవని రూఢి చేసుకున్నాక టీచర్ను పిలిచాడు.

"గీ బొమ్మ కింద ఏం రాసిన్రు టీచరమ్మా?"

"మా అవ్వకు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమైన పొట్టేలు అని రాసిందండీ పూజ," అంది సుచరిత టీచరు. ఆమెది నల్లగొండ, పాపం ఆమెకేం తెలుసు.

ఆ సాయంత్రం మారయ్య సుక్కమ్మ గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె పెనిమిటికి పెదనాన్న కొడుకు ఆయన, వరసకు మరిది. "వదినె, రేపు పొద్దుగాల బడికాడ అందరం కూసుంటున్నం. నీ ఒంటికొమ్మోని ముచ్చట. జాతర దగ్గరికొచ్చె గదా," అని, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

సుక్కమ్మ గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాలుగేళ్లు కాపాడుకున్నదాన్ని నాలుగు అక్షరాల కోసం పోగొట్టుకున్నానని తన నోటినే తిట్టుకుంది. ఒంటికొమ్మోడు వచ్చి ఆమె మోకాలిని తలతో పొడిచింది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

పూజ భయపడిపోయింది. "నేనేం చేసిన అవ్వా? నిన్నొక్కదాన్నే అడిగిన్నా? ఐదుగురిని అడుగుమంటే ఐదుగురినీ అడిగిన. అందరు పొట్టేండ్ల పేర్లే చెప్పిన్రు. నీ బొమ్మ మంచిగొచ్చిందని టీచర్ గదొక్కటే అంటించింది."

సుక్కమ్మ ఏడుపు ఆపింది. "ఎవలెవలిని అడిగినవ్?"

పూజ సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. మొదట అవ్వ పేరు, తర్వాత గుర్వయ్య తాత, నర్సింగమ్మ, పాలకేంద్రం లింగస్వామి. అయిదో పేరు దగ్గర సుక్కమ్మ మనుమరాలి చెయ్యి పట్టుకుని ఆపి, మళ్లీ చదవమంది. పూజ మళ్లీ చదివింది. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఇంగ్లీషు సందు కనిపెట్టింది తానొక్కతే అనుకుంది గానీ, ఊరు ఊరంతా ఆ సందులోంచే దూరిందన్నమాట. ఎన్నేళ్లుగానో కడుపులో దాచుకున్న ముద్దుమురిపాలన్నీ నాలుగు రోజుల్లో నలభై పేజీల పుస్తకంలోకి వచ్చి పడ్డాయి. సుక్కమ్మ కళ్లు తుడుచుకుంది. ముక్కు చీదుకుంది. తర్వాత చిన్నగా నవ్వడం మొదలుపెట్టింది.

"బిడ్డా, గీ పుస్తకం ఎవలికీ చూపకు. రేపు సంచిల వేస్కొని నా పక్కపొంటి కూసో. నేను తియ్యమన్నప్పుడే తియ్యి."

తెల్లారి బడి వరండాలో ఊరు ఊరంతా చాపలేసుకుని కూర్చుంది. మారయ్య కుర్చీలో కూర్చుని, పసుపుగిన్నె పక్కన పెట్టుకున్నాడు. ముందే పెట్టుకున్నాడంటే తీర్పు ఎటు పోతుందో అందరికీ తెలిసిపోయింది. సుక్కమ్మ కాళ్ల దగ్గర ఒంటికొమ్మోడు గోడమీదున్న తన బొమ్మవైపు వీపు తిప్పి నిలబడింది.

"మారయ్యా, నేను పాణం అన్నది ఎవలన్న విన్నరా?" అని మొదలుపెట్టింది సుక్కమ్మ, గొంతులో వీలైనంత నీరసం నింపుకుని. "ఏదో ఇంగ్లీషుల అన్న. గది మన మాటనే గాదు."

"వదినె చెప్పింది నిజం," అన్నాడు గుర్వయ్య వెంటనే. ఆయనకు సుక్కమ్మతో చేనుగట్టు తగాదా ఉంది, పదేళ్లుగా మాటల్లేవు. "నియమం తెలుగుల ఉంటే మాట గూడ తెలుగులనే ఉండాలె."

"ఔ మల్ల," అంది నర్సింగమ్మ. లింగస్వామి కూడా తల ఊపాడు. సుక్కమ్మకు ఇంతమంది ఆప్తులున్నారని మారయ్య అంతకుముందు ఎరగడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "దేవునికి బాస ఉంటదా? మనసు ఉంటది. లంబాడోళ్లు వాళ్ల బాసల మొక్కుతలేరా? ఏ బాసల అన్నా అన్నట్టే. టీచరమ్మా, గా మాటకు అర్థమేందో అందరు వినేటట్టు చెప్పున్రి."

టీచరు లేచి నిలబడింది. "ఫేవరెట్ అంటే మామూలుగా ఇష్టమైనది కాదండీ. ఇష్టమైనవి ఎన్నైనా ఉండొచ్చు. వాటిలో దేన్ని ముందు ఎంచుకుంటామో అది."

"అగో," అన్నాడు మారయ్య. "పాణం కంటె గూడ ఒక మెట్టు పైనే ఉన్నది."

సుక్కమ్మ తల ఇంకొంచెం వంచింది. "సరే. కానీ నేను చిన్నపోరితోటి అన్న. పెద్దల ముంగట అన్నాన్నా?"

"పోరి అయితేంది? పసిపిల్లలతోటి చెప్తే దేవరతోటి చెప్పినట్టే."

"గోడకు అంటించింది టీచరు. నేను గాదు."

"గోడ లెక్క గాదు వదినె. గోడకు ఎక్కినా, ఎక్కకున్నా, నోట్లెకెంచి వచ్చిన మాటే లెక్క."

"ఫేవరెట్ మారుతదంట. పొల్ల రంగు పోయిన నెల ఎరుపు, గీ నెల నీలం. నాది గూడ నిన్ననే మారింది."

మారయ్య నవ్వాడు. తాను ఇంత బాగా వాదిస్తానని ఆయనకే కొత్తగా తెలుస్తోంది. "మారితే మారనీ. అన్నరోజు ఏది ఉండెనో గదే. గిట్ల దినాం మారుస్తం అంటే దేవరకు ఆకులు అలములే మిగుల్తయి."

సుక్కమ్మ తల ఇప్పుడు మోకాళ్లకు తగిలేంతగా వంగింది. అయ్యో పాపం అనుకున్నారు అందరూ. ఆమె వంచింది నవ్వు దాచుకోవడానికని పూజకొక్కదానికే తెలుసు.

"నీ మాట మీద నువ్వు నిలవడ్తవా మారయ్యా?"

"మా తాతల కాడికెంచి మాది ఒక్కటే మాట."

"పూజా, పుస్తకం తియ్యి. ఐదోది చదువు."

పూజ లేచి, బడిలో నిలబడ్డట్టే నిటారుగా నిలబడింది. ముందు ఇంగ్లీషులో చదివింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మధ్యలో మారయ్య పేరు తప్ప. తర్వాత తెలుగులో చెప్పింది. "మారయ్య తాత ఫేవరెట్ నల్లబొట్టోడు. పొద్దుగాల తినే జొన్నరొట్టెల సగం దానికే పెడ్తడు. అవ్వకు చెప్పొద్దన్నడు."

"గా రొట్టె యాడికి పోతాందని నేను ఏడాది సంది సూస్తున్న," అంది వెనకవరసలోంచి మారయ్య పెళ్లాం.

గోడమీద నల్లబొట్టోడి బొమ్మ లేదని చూసుకున్న మారయ్యకు పొల్ల దగ్గర పుస్తకమొకటి ఉందని తట్టలేదు. బాస లెక్క కాదన్నది తానే. పోరి లెక్క కాదన్నదీ, గోడ లెక్క కాదన్నదీ తానే. పారిపోవడానికి ఉన్న తలుపులన్నీ ఒక్కొక్కటిగా తన చేత్తోనే మూసి గడియ వేసుకున్నాడు. చెయ్యి పసుపుగిన్నె మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"ఇంక ముగ్గురున్నరు," అని పూజ పేజీ వెనక్కి తిప్పింది. "గుర్వయ్య తాత ఫేవరెట్..."

"ఓ బిడ్డా, గా పుస్తకం మూయి," అంటూ గుర్వయ్య లేచాడు. నర్సింగమ్మ అప్పటికే వచ్చి పేజీమీద అరచెయ్యి పెట్టేసింది. లింగస్వామి పాలకేంద్రానికి టైమైందని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఆ గోలంతా సద్దుమణిగాక గుర్వయ్యే అన్నాడు. "అంగట్ల కొందాం. ఎవలి పాణమూ పోదు."

"నోటితోటి అన్నది కావాలె గదా," అన్నాడు మారయ్య. గొంతులో పెద్దరికం సగానికి పడిపోయింది.

"తిరుమలగిరి అంగట్ల అమ్మేటోడు ఏమంటడు?" అంది సుక్కమ్మ. "ఇది నా పాణం, అవసరం పడి అమ్ముతున్న అని అనకుండ అమ్మినోన్ని ఇప్పటిదాంక ఎవలన్న చూసిన్రా? వాడంటడు. మనం పదిమందిమి ఇని వస్తం. దేవర నియమం దేవరకు ఉంటది."

వరండాలో నవ్వులు మొదలయ్యాయి. మారయ్య అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువగా నవ్వాడు.

మరునాడే అంగడి. ముతకబొచ్చు, చెవి కొసన చిన్న గాటు, చెప్పుకోవడానికి ఏమీ లేని ఒక పొట్టేలు దొరికింది. అమ్మినవాడు అది తన ప్రాణమని ఒకటి కాదు, ఆరుసార్లు అన్నాడు. పదిమందీ సాక్షిగా విన్నారు. సలహా ఇచ్చింది సుక్కమ్మ కాబట్టి జాతరదాకా దాన్ని ఆమె దొడ్లోనే కట్టేశారు.

"పేరు పెట్టకు," అంది సుక్కమ్మ పూజతో.

"పెడ్తలే. అంగడోడు అని పిలుస్త. గది పేరు గాదు."

మొదటిరోజు అంగడోడు మేత ముట్టలేదు. తిరుమలగిరి రోడ్డువైపు మొహం పెట్టి నిలబడింది. సుక్కమ్మ నాలుగు తుమ్మకాయలు దాని ముందు పోసి, అది తింటుంటే పక్కనే కూర్చుంది. రెండోరోజు మారయ్య వచ్చాడు, జీవం మంచిగుందో లేదో చూడటం కులపెద్దగా తన బాధ్యతట. తువ్వాలు కొసన ముడిలోంచి ఉడికించిన శనగగుడాలు తీసి దానికి తినిపించాడు. మూడోరోజు గుర్వయ్య వచ్చాడు. నాలుగోరోజుకు దొడ్డి ముందు చెప్పులు వరసకట్టాయి.

ఎందుకు రారు? పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో ఎవరూ ఒక జీవాన్ని నచ్చి, నలుగురి ముందు తల నిమిరి ఎరగరు. ఈ పొట్టేలు ఎలాగూ దేవరదే. దీన్ని ఎంత ముద్దుచేసినా పోయేదేమీ లేదు. గుర్వయ్య దాని మెడ కావలించుకుని దాంతో కష్టసుఖాలు చెప్పుకున్నాడు. నర్సింగమ్మ దాని కొమ్ములకు నూనె రాసింది. మూడు తరాలు దాచుకున్నదంతా ఆ ముతకబొచ్చు మీదికి వచ్చి పడుతుంటే సుక్కమ్మ చూసి నవ్వుకునేది. గుర్వయ్యతో మాటలు కూడా కలిశాయి.

ఏడోరోజు పొద్దున నవ్వు ఆగిపోయింది. నర్సింగమ్మ దొడ్లోకి వస్తూనే, "నీ మొఖం మీద మన్నువడ, నూనె అంతా గోడకు రుద్దినవారా," అని అంగడోణ్ణి తిట్టింది. తిట్టి, గబుక్కున సుక్కమ్మ మొహంలోకి చూసింది. ఆ సాయంత్రం గుర్వయ్యా తిట్టాడు. ఎనిమిదోరోజు మారయ్య గుడాలు పెడుతూ, ఎవరూ లేరనుకుని, దాన్ని పాడుముండ అన్నాడు. సుక్కమ్మ గడప లోపలినుంచి విని, పొయ్యిమీది అన్నం మాడేదాకా కదలకుండా కూర్చుంది.

జాతర రోజు పొద్దున్నే మారయ్య పసుపుగిన్నెతో వచ్చాడు. ఊరంతా దొడ్డి చుట్టూ నిలబడింది. అంగడోడు ఆయన్ను చూడగానే దగ్గరికి పోయి, తువ్వాలు కొసన ముడి వెతుక్కుంది. ముడిలో గుడాలున్నాయి. ఆ రోజూ కట్టుకునే వచ్చాడు.

"గీ జీవం ఎవలికన్న పాణమైతే చెప్పున్రి," అని ఆనవాయితీగా అడగాల్సిన మాట అడిగాడు. అందరూ నేలచూపులు చూశారు. పూజ నోటుపుస్తకం పట్టుకుని వచ్చి అవ్వ కొంగు లాగింది.

"అవ్వా, ఆఖరు పేజీ ఖాళీగ ఉన్నది. ఏం రాయాలె?"

సుక్కమ్మ ఒంటికొమ్మోణ్ణి కాపాడుకోవడానికి ఎంత తెలివి చూపిందో, ఆ తెలివంతా ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది. అంగడోడి దగ్గరికి పోయి, దాని చెవి గాటు మీద చెయ్యి వేసి, ఊరంతా వినేటట్టు తిట్టడం మొదలుపెట్టింది. ఏమేం తిట్టిందో రాయడం బాగుండదు. ఒంటికొమ్మోణ్ణి కూడా ఆమె ఎన్నడూ అన్ని తిట్లు తిట్టలేదు. వింటూ వింటూ మారయ్య దాని నుదుట పసుపు పెట్టాడు. ఊరు కదిలింది.

గట్టుదాకా దారంతా ఎర్రగట్టుపల్లెవాళ్లు వంతులవారీగా ఆ పొట్టేలును తిడుతూనే ఉన్నారు. డప్పులు ఆగితే తిట్లు వినపడ్డాయి, తిట్లు ఆగితే డప్పులు. అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ, నెత్తిన బోనం పెట్టుకుని పక్కన నడుస్తూ, చాలాసేపు విని ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం తప్పు చేసింది అవ్వా గది? గట్ల తిడుతున్రు?"

సుక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మా ఊరి ఫేవరెట్ బిడ్డా," అంది.

ఆవిడకు ఆ మాట తెలియదు. ఏదో రోగం పేరనుకుని రెండడుగులు దూరం జరిగింది. తెలిసిన పూజ, పుస్తకం చంకలో పెట్టుకుని, అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.